ఎల్లిగడ్డ ఫీజు

లాక్‌డౌన్‌లో, మేం బతకడానికి వలస వచ్చిన లింబాయత్ అంతటా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ఆగిపోయాక, మా ఒంటిగది ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడడం మొదలైంది. పెళ్లైనప్పటి నుంచి మాకు ఆ సౌకర్యం లేదు. మా ఆయన నరహరి దాన్ని వాడుకోలేదు. మగ్గం ఆగిన మనిషి కదా, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వాడుకున్నవాడు మా మరిది వినోద్. మేలో జరగాల్సిన అతని పెళ్లి ఆగిపోయింది. పిల్ల పేరు సింధూజ, జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. సాంచాలే నడవనప్పుడు అల్లుడెట్లా నడుస్తాడని వాళ్ల నాన్న వేరే సంబంధం వెతుకుతున్నాడట. ఎంతకాలమైనా ఈ మాట మీద ఉంటావా లేదా, ఆదివారం నోరు తెరిచి చెప్పు, చెబితే మా నాన్నతో నేను కొట్లాడతాను అని ఆ పిల్ల ఫోన్లో అడిగింది.

"జర ఇంగ్లీషుల నేర్పు వదినె," అన్నాడు వినోద్.

"తెలుగుకేమైంది?"

"తెలుగుల శరమైతది. ఇంగ్లీషుల ఏమన్నా మనం అన్నట్టు ఉండది."

ఈ ఇంటి మగవాళ్ల గురించి ఇంత నిజం నేనెప్పుడూ వినలేదు. వాళ్ల అన్న ఏ భాషలోనూ ఏమీ అనలేదు. అటక మీద అట్టపెట్టెలో పడి ఉన్న నా బి.ఏ. పట్టాకు ఇన్నాళ్లకు ఉద్యోగం దొరికింది.

వంట చేస్తూ పాఠం చెప్పాను. నేర్చుకున్న ప్రతి మాటకూ ఒక ఎల్లిగడ్డ రెబ్బలు ఒలిచిపెట్టడం ఫీజు. 'త్రూ థిక్ అండ్ థిన్' అంటే చిక్కనైనా పలచనైనా విడవనని చెబితే, చాయ గురించా అన్నాడు. 'ఫర్ ద లాంగ్ హాల్' అంటే దూరప్రయాణానికి సిద్ధపడే వచ్చానని. 'కమ్ హెల్ ఆర్ హై వాటర్' అంటే నరకమే రానీ, నీళ్లే ముంచనీ, వెనక్కి తగ్గనని.

"నీళ్లయితే వచ్చినయి," అంది గోడవైపు నుంచి ఒక గొంతు. వెంటనే గురక.

 మా పెళ్లైన కొత్తలో తాపీ నది పొంగి నీళ్లు ఈ గల్లీలోకి వచ్చాయి. నడుంలోతు నీళ్లలో మా ఆయన ఒక చేత్తో నన్ను పట్టుకుని, ఇంకో చేత్తో ఆ అట్టపెట్టెను నెత్తిన పెట్టుకుని నడిచాడు. టీవీ మునిగింది. నా పట్టా తడవలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆదివారం వీడియో కాల్. వినోద్ పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. నన్ను పొయ్యి పక్కనే నిలబడమన్నాడు. సింధూజ చెప్పమంది. "త్రూ థిక్..." అని ఆగిపోయాడు. "ఫర్ ద..." అని మళ్లీ ఆగాడు. అవతల ఆ పిల్ల ముఖం వాడిపోవడం ఇక్కడికి కనబడుతోంది. నేను అందించబోయేలోపు మంచం మీది నుంచి మాట వచ్చింది.

"కమ్ హెల్ ఆర్ హై వాటర్."

వినోద్ మంచం వైపు తిరిగి చూశాడు.

"అక్కా, గా గొంతు బావగారిదా?" అంది సింధూజ.

"అవును. నిద్రల ఉన్నరు," అన్నాను.

ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. వినోద్‌కూ నవ్వొచ్చింది. ఆ నవ్వులో శరం ఎక్కడ జారిపోయిందో గాని, తెలుగులోనే అనేశాడు.

"సాంచాలు ఎప్పుడు నడుస్తయో నాకు తెల్వది. నేనైతే ఆగుత. నువ్వు ఆగుతవా?"

"ఆగుత," అంది. "మా నాయినకు నేను చెప్త. బావగారు పండుకోని ఇంగ్లీషు నేర్చిన ఇల్లని గూడ చెప్త."

వినోద్ ఫోన్ పట్టుకుని డాబా మీదికి పోయాడు. నేను చాయ తీసుకెళ్లి మంచం దగ్గర నిలబడ్డాను.

"జర ఇంకోసారి అనుండ్రి."

"ఏంది?"

"అదే, నీళ్లది."

"ఆ సదువు వానికి. నాకెందుకు?"

చాయ తాగి లేచాడు. నా వైపు చూడకుండా పొయ్యి దగ్గరికి వెళ్లి, బుట్టలోంచి ఒక ఎల్లిగడ్డ తీసి ఒలవడం మొదలుపెట్టాడు. అది అయ్యాక ఇంకొకటి తీశాడు. ఆ తర్వాత మూడోది.