తుడిచి బిగించిన రోలరు

వంతెన దిగుతుండగా అక్క బండి చచ్చిపోయింది. దగ్గలేదు, మూలగలేదు. టప్పుమని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. వెనక సీట్లో బడిపిల్లలు, ఆ వెనకాల ఇసుక లారీ. లారీవాడు బ్రేకు తొక్కి, తల బయటపెట్టి, ఆడవాళ్లకు బండ్లెందుకని మొదలుపెట్టి ఆమె వంశం దాకా వెళ్లాడు. అక్క పళ్ల బిగువున బండిని పక్కకు తీసి, తెలిసినవాళ్ల వ్యానును పిలిపించి పిల్లల్ని బడికి పంపించింది. చివరి పిల్ల ఎక్కేదాకా ఓర్చుకుంది. ఆ తర్వాత ఒళ్లు మండింది.

బండి ఎందుకు ఆగిందో ఆమెకు అప్పటికే సగం తెలుసు. టైమింగ్ బెల్టు. ఇంజన్ కిందిభాగం, పైభాగం లెక్క తప్పకుండా కలిసి తిరిగేలా చూసే పళ్ల బెల్టు అది. తెగిందంటే తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. వాల్వులు వంగిపోతాయి, ఇంజన్ ఇనుపముద్దవుతుంది. ఆ గతి పట్టకూడదనే గడువు దాటకముందే కొత్త బెల్టు వేయించింది. వేసింది ఎవరో దారినపోయేవాడు కాదు, తోడబుట్టినవాడు.

తాడు కట్టించి తమ్ముడి మెకానిక్ షెడ్డుకు లాగించుకొచ్చేసరికి అతను తీరిగ్గా టీ తాగుతున్నాడు. బానెట్ అయినా ఎత్తకుండా తీర్పు చెప్పేశాడు. బెల్టు తను వేసిందేననీ, దానికేమీ రోగం ఉండదనీ, అక్కే గేర్లు మార్చకుండా లాగి లాగి నడిపి ఉంటుందనీ అన్నాడు. బెల్టు మార్చిన కొన్నాళ్లకే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్లోంచి కీచుమని చప్పుడొస్తోందని ఆమె అతనికి చెప్పింది. అప్పుడు దుమ్మన్నాడు. మళ్లీ చెబితే చలి అన్నాడు. ఇప్పుడు ఆమె డ్రైవింగ్ అంటున్నాడు, రేపు ఆమె జాతకం అంటాడు కాబోలు.

ఆ బండి ఆమెకు షోకు కాదు. పిల్లల్ని బడికి చేర్చి, మళ్లీ ఇళ్లకు చేర్చి, దాని మీదే ఆమె ఇల్లు నడుపుకొస్తోంది. పిల్లల తల్లులు మంచివాళ్లే, రెండ్రోజులు ఓపిక పడతారు. ఆ తర్వాత ఇంకో బండి మాట్లాడుకుంటారు. అదేమీ వాళ్ల తప్పు కాదు.

"బెల్టు కవరు నా ఎదురుగా విప్పు," అంది అక్క.

విసుక్కుంటూనే విప్పాడు. బెల్టు పీలికలు పీలికలై ఉంది. సగం పళ్లు అరిగి ఊడిపోయాయి. బెల్టును బిగువుగా ఒత్తిపట్టే రోలరు కదలకుండా బిగుసుకుపోయి, వేడికి కమిలి నీలంగా మారింది. తమ్ముడు దాన్ని బొటనవేలితో తిప్పబోయాడు. అది ససేమిరా అంది. ఈ కాలంలో అంతా నకిలీ సామానే వస్తోందని అందుకున్నాడు. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. బెల్టూ, రోలరూ ఒకే డబ్బాలో వచ్చే కిట్టు అది. పెద్ద షాపుకు వెళ్లి, సీలు చూసి మరీ కొని, అతని చేతిలో పెట్టింది తనే.

ఆ షెడ్డులో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. బండిలోంచి ఏ సామాను విప్పినా దాన్ని కొత్తదాని డబ్బాలో పెట్టి, బండి డిక్కీలో వెయ్యాలి. ఏం మార్చారో యజమాని తన కళ్లతో చూసుకోవాలి. నాన్న పోయినా తమ్ముడి చేతులకు ఆ అలవాటు పోలేదు, బుర్ర ఎక్కడున్నా చేతులు ఆ పని చేసేస్తాయి. తమ్ముడు చేసిన పనే కదా అని అక్క ఏనాడూ ఆ డబ్బా మూత తియ్యలేదు. ఇప్పుడు వెళ్లి డిక్కీ తెరిచి, స్టెప్నీ పక్కనున్న డబ్బాను తెచ్చి అతని ముందు బల్లమీద బోర్లించింది. చుట్టచుట్టిన పాత బెల్టు ఒక్కటే పడింది. పాత రోలరు అందులో లేదు. ఉండదు, అది ఇంకా ఇంజన్లోనే ఉంది కనుక.

"నేను కొన్న కొత్త రోలరేదిరా?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. నమిలి నమిలి చివరికి కక్కాడు. ఆరోజు షెడ్డులో బ్యాంకాయన కారు కూడా ఉంది, అదీ ఇదే మోడల్. ఆయన కోసం తెప్పించిన రోలరు తేడా సైజుది వచ్చింది. ఆయనేమో ఊరెళ్లాలని నెత్తిన కూర్చున్నాడు.

"నీ డబ్బాలోది తీసి ఆయనకు వేశానక్కా. నీ పాతది తిప్పి చూశా, బాగానే తిరిగింది. తుడిచి బిగించేశా. ఇంకోటి రాగానే మారుద్దామనుకున్నా, పనుల్లో పడి మర్చిపోయా. ఆయన బయటివాడు, ఊరుకోడు. నువ్వు ఇంటిమనిషివి, సర్దుకుంటావని..."

సర్దుకుంటుంది. ఎందుకు సర్దుకోదు? చిన్నప్పుడు వాడి ఫీజు కోసం తన చదువు ఆపితే సర్దుకుంది. ఈ షెడ్డులో నాన్న పక్కన వాడికంటే ముందు స్పానరు పట్టింది తనే అయినా, నాన్న పోగానే తాళాలు వాడి చేతికిచ్చారు. మాటవరసకైనా ఎవరూ తనను అడగలేదు. అప్పుడూ సర్దుకుంది. సర్దుకుని సర్దుకుని తన బతుకు వాడు తుడిచి బిగించిన రోలరు దగ్గరికి వచ్చి ఆగింది.

గొడవ విని పైగదిలోంచి అమ్మ దిగొచ్చింది. సంగతి సగం విని, వాడేమైనా కావాలని చేశాడా, తమ్ముడి మీద అంత కోపమేంటని అడిగింది. పోనీలే, సర్దుకుపొమ్మంది.

అమ్మ అండ దొరికేసరికి తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. షెడ్డులో పడున్న పాత ఇంజన్ వాల్వులు తీసి తనే వేసి పెడతానన్నాడు. అటకమీంచి సీలు విప్పని కిట్టు దింపాడు. షెడ్డు మూలనున్న టీచరమ్మ కారు కోసం పొద్దునే వచ్చిన కిట్టట. అందులోని రోలరు, బెల్టు అక్కకు వేసేస్తాడట, ఎల్లుండికల్లా బండి రోడ్డెక్కుతుందట. టీచరమ్మ మెత్తటి మనిషి, ఆవిడ పాత రోలరు ఇంకా బాగానే తిరుగుతోందట.

ఎల్లుండి అనగానే అక్క మనసు ఒక్క క్షణం అటు మొగ్గింది, అబద్ధమెందుకు. ఎల్లుండికి బండి వస్తే ఒక్క పిల్లా చేజారదు, ఎవరినీ బతిమాలుకునే పనుండదు. ఆమె మూలనున్న కారు వైపు చూసింది. వెనక అద్దానికి ఎవరో పసివేళ్లతో అతికించిన పువ్వుబొమ్మ ఉంది. వంతెన మీద లారీ బ్రేకుల చప్పుడు మళ్లీ చెవుల్లో మోగింది.

"ఆ కారు వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో నీకు తెలుసా?"

తమ్ముడు తెలియదన్నాడు. ఈ ప్రశ్న ఇప్పుడెందుకో కూడా అతనికి తెలిసినట్టు లేదు. అక్కకు అసలు కోపం అప్పుడొచ్చింది. అప్పటిదాకా వచ్చింది తన కోసం వచ్చిన కోపం. ఆ డబ్బా సీలు విప్పితే టీచరమ్మకు తనే ఫోన్ చేసి చెబుతానని అంది. విప్పిన కవరు మళ్లీ బిగించి, బానెట్ దించి, తాడు విప్పి పక్కన పడేసింది.

రోడ్డుకు అవతల ఇంకో షెడ్డుంది. ఏ పనీ త్వరగా తెమల్చడని తమ్ముడే ఆయనకు నత్త మేస్త్రీ అని పేరు పెట్టి ఊరంతా నవ్వించాడు. అక్క బండిని అటు తిప్పి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని తొయ్యడం మొదలుపెట్టేసరికి తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. సొంత అక్క బండి ఎదురుషెడ్డులో కనబడితే తన పరువేం కావాలని అడ్డం వచ్చాడు. ఆమె ఆగలేదు, అతనే పక్కకు తప్పుకున్నాడు.

నత్త మేస్త్రీ తనే ఎదురొచ్చి వెనకనుంచి ఓ చెయ్యి వేశాడు. బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. ఇంజన్ హెడ్డు దింపాలనీ, వాల్వులు బయటినుంచి రావాలనీ, రెండు మూడు వారాలకు తక్కువైతే మాటివ్వలేననీ చెప్పాడు. అంటే సగంమంది పిల్లలు చేజారినట్టే. అయినా అక్క సరేనంది.

"మీ తమ్ముడి షెడ్డు ఎదురుగానే ఉంది కదమ్మా. నా దగ్గరికెందుకొచ్చారు?" అని ఆయన నెమ్మదిగా అడిగాడు.

"అక్కడ నేను ఇంటిమనిషిని," అంది అక్క. "మీకు బయటిదాన్ని. కొత్త రోలరు వెయ్యండి."