మఠానికి బదిలీ

ఈ పొద్దుటి నుంచి మఠం మోకాళ్ల మీద ఉంది. పై అంతస్తు కిటికీలు నేల ఎత్తుకి దిగాయి కాబట్టి నేను కిటికీలోంచే లోపలికి నడుస్తాను.

నన్ను పిలిపించింది మదర్ సెలీనమ్మ. బూడిదరంగు చీరల సిస్టర్లకు ఆమె పెద్ద. ఇవాళ మఠం వాళ్ల చేతికి రావాలి. నేను సివిల్ ఇంజనీర్‌ని. లేజర్ మీటరు పెట్టి పునాది చూస్తాను.

"కుంగలేదు మదర్. మొండికేసింది."

"ఎవరి మీదమ్మా?"

తప్పు దీన్ని కట్టించిన ఫాదర్లది. ప్రారంభోత్సవంలో ఆశీర్వాదం బదులు, సిస్టర్లు మాటపట్టు తీసుకునే, అంటే జీవితకాల ప్రమాణం చేసే రోజున చదివే పేజీ చదివారు. "పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత పాటిస్తావా?" అంటే గోడలు "పాటిస్తాను" అన్నాయి. అప్పటినుంచి ఈ కట్టడమూ ఒక సిస్టరే. ఫాదర్లు గోధుమరంగు చీరల సిస్టర్లకు అప్పగించి వెళ్లినప్పుడు తనే గోధుమరంగుకి మారింది. పక్కన ఎవరు ఇల్లు కట్టుకున్నా కాస్త అవతలికి జరుగుతుంది.

ఈసారి లేవట్లేదు. గోధుమరంగు వాళ్లలో మిగిలింది మా మేనత్త సిస్టర్ శౌరీలమ్మ ఒక్కతే. ఆమె బతుకంతా ఇక్కడే. మధ్యాహ్నం జీపొచ్చి ఆమెను ముసలి సిస్టర్ల హోంకు తీసుకెళ్తుంది.

అత్త వంటగదిలో గోంగూర ఒలుస్తోంది.

"నువ్వు చెబితేనే లేస్తుందత్తా."

"తెలుసు. అందుకే చెప్పట్లా."

"మరి విధేయత?"

"మీ నాన్న నిన్ను ఇంజనీరింగు చదివించింది నాకు జ్ఞానోపదేశం చెప్పడానికటే?"

అయినా చేతులు కడుక్కుంటుంది. జ్వరం చూసినట్టు గోడ మీద అరచెయ్యి ఆనిస్తుంది. "లేవే. నాకూ ఇష్టంలా. పెద్దలు చెప్పారు."

గోడ ఆలోచిస్తుంది. "బదిలీ అంటే ట్రంకుపెట్టె ఇవ్వాలిగా?"

"ఇస్తాం," అంటుంది మదర్. "లోపల ఏం పెట్టుకున్నా తెరిచి చూడం. అది మన పద్ధతి."

మఠం పెట్టె సర్దుకుంటుంది. వరండా పొడవుని దుప్పటిలా మడత పెడుతుంది. బావి చల్లదనాన్ని పైన పరుస్తుంది. తర్వాత "శౌరీ, రా," అంటుంది.

అత్త నా వైపు చూస్తుంది. "మోకాళ్లు పడతాయంటావా?"

"కొలుస్తానుండు." కొలుస్తాను. "పడతాయి."

మదర్ పైకప్పు వైపు చూస్తుంది. అత్త పెట్టెలోకి దిగి పక్కకి ఒత్తిగిలుతుంది. చీర మాత్రం బయటే ఆగిపోతుంది. దానికి హోంకు వెళ్లమని ఆర్డరు ఉంది. నేను గొళ్లెం వేస్తాను.

మఠం లేచి నిలబడి దుమ్ము దులుపుకుంటుంది. గోడలు బూడిదరంగుకి తిరుగుతాయి. కొత్త సిస్టర్లు పాట ఎత్తుకుంటారు. పెట్టెలోంచి ఒక గొంతు వాళ్లకన్నా హెచ్చుగా పాడుతోంది. ఎవరూ తెరవరు.

జీపు వస్తుంది. గోధుమరంగు చీర ముందు సీట్లో నిటారుగా కూర్చుని జపమాల మొదలుపెడుతుంది. డ్రైవరు ప్రతి జపానికీ బదులు చెబుతాడు.

"మెల్లగా పోనియ్ నాయనా, లోపల ఎవరూ లేరు," అంటుంది చీర.

డ్రైవరు వేగం తగ్గించి, చీరకు ముఖం ఉండాల్సిన చోట పట్టిన చెమటను తువ్వాలుతో తుడుస్తాడు.