గాలి గడ్డ

సిలార్ దీపం వత్తిని కొంచెం పైకి లాగాడు. ఇత్తడి ఊదుగొట్టాన్ని పెదవుల మధ్య పెట్టుకుని, బుగ్గలు పూరించి ఊదాడు. మంట పక్కకు వంగి, సూదిలా సాగి, బొగ్గు దిమ్మ మీదున్న ముక్కుపుడక అతుకును తాకింది. అంతలోనే వణికింది. పెదవుల కుడి మూల నుంచి గాలి జారిపోతోంది.

వీధి వైపు చూశాడు. ఎవరూ గమనించలేదు. ఆ మూలను వేలితో నొక్కిపట్టి మళ్లీ ఊదాడు. ఈసారి అతుకు కరిగి మెరిసింది.

గూడూరు నిమ్మకాయల మార్కెట్టు వెనక సందులో ఇప్పుడు అందరివీ గ్యాసు మంటలే. సన్నపని మాత్రం సిలార్ దగ్గరికే వస్తుంది. గ్యాసు మంట రెప్పపాటు ఎక్కువైతే వెంట్రుకలాంటి గొలుసు ముద్దయిపోతుంది. నోటితో ఊదే మంట మనిషి మాట వింటుంది.

అతని కుడిచెవి కింద గడ్డ లేచి చాలా కాలమైంది. నొప్పి లేదు. పని నేర్పిన ఉస్తాద్‌కూ అక్కడే ఉబ్బేది. ఊదితే పొంగేది, నొక్కితే గాలి పోయి దిగేది. అది పనితనానికి గుర్తని సందంతా గౌరవించేది. సిలార్‌కు గడ్డ వచ్చినప్పుడు పక్క కొట్టు మతీన్ మిఠాయి పంచమన్నాడు. నొక్కినా తన గడ్డ దిగదన్న సంగతి సిలార్ ఎవరికీ చెప్పలేదు.

"ఏంది సిలార్ భాయ్, పొద్దున్నే కొట్టు మూస్తా ఉండావ్?" మతీన్ అడిగాడు.

"నెల్లూరు పోవాలబ్బా. డాక్టరు రమ్మనింది."

"గాలికి డాక్టరెందుకు? సైకిలు షాపులో చూపించు, పంచరేస్తాడు!"

సిలార్ నవ్వాడు. ముఖంలో ఎడమ సగమే నవ్వింది. మతీన్ చప్పున తల తిప్పుకున్నాడు.

నెల్లూరులో డాక్టర్ వినీల స్కానింగు ఫిల్మును వెలుగుకు పెట్టింది. సూది గుచ్చి చేసిన పరీక్షలో ఏమీ తేలలేదు. ఫిల్ములో మాత్రం గడ్డకు తోక ఉంది. అది చెవి వెనక ఎముకలోకి దూరింది.

"ఇది గాలి కాదు. క్యాన్సర్‌లా కూడా లేదు. ముఖాన్ని కదిలించే నరం మీద పుట్టిన గడ్డ. లాలాజల గ్రంథిలో ఇలా రావడం చాలా అరుదు. బుగ్గలు పూరించండి."

పూరించాడు. కుడివైపు గాలి బుస్సుమంది.

"నరం నలుగుతోంది. గడ్డతోపాటు నరం ముక్క కూడా తీయాలి. కాలి నుంచి నరం తెచ్చి అతుకుతాం."

"అతుకా?" సిలార్ తల ఎత్తాడు. "నిలుస్తాదా మేడం?"

"ముఖం కొంత నిలబడొచ్చు. కంటి రెప్ప సరిగా మూతపడొచ్చు. మునుపటిలా ఊదడం మాత్రం కుదరదు."

"తియ్యకపోతే?"

"మెల్లగా పెరుగుతుంది. ఉన్న కదలిక కూడా పోతుంది. రెప్ప మూతపడకపోతే కన్ను ఎండి చూపుకే ప్రమాదం. మరీ ఆలస్యమైతే అతికినా పట్టదు."

"అయితే ఉన్నన్నాళ్లు ఊదుకుంటా" అని లేచాడు.

బయట భార్య ముంతాజ్ బేగం చెయ్యి పట్టి ఆపింది. "ఊది ఊది కన్ను పోగొట్టుకుంటావా?"

"నిన్ను చూసి చూసి అలిసిపోయినాదిలే, ఒకటి పోనీ."

ఆమె నవ్వలేదు.

సాయంత్రం కొట్టు మెట్టు మీద చిట్టమూరు ఎస్తేరమ్మ కూర్చుని ఉంది. చేతిలో తెగిన వెండి గొలుసు. నూలుపోగంత సన్నం.

"మా అమ్మ మెడలోదన్నా. మతీన్ ముట్టుకోనన్నాడు. నువ్వొచ్చేదాకా ఉండమన్నాడు."

రేపు రమ్మనడానికి సిలార్ నోరు తెరిచాడు. రేపు ఈ పెదవి ఎలా ఉంటుందో? గొలుసు అందుకున్నాడు.

మంట సాగింది. పొగ కుడికంట్లోకి పోయింది. రెప్ప పడలేదు. నీళ్లు కారి, మూలను నొక్కిన వేలు తడికి జారింది. మంట ఊగి గొలుసు లంకెలను నాకింది. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎర్రగా ఉండ కట్టాయి.

"అయిపోయినాదా అన్నా?"

"చెడగొట్టినానమ్మా."

ఎస్తేరమ్మ వంగి చూసింది. "నీ చేతిలో గూడానా?"

"ఇట్టాంటిదే ఇంకొకటి చేయిస్తా."

"అది మా అమ్మది అవతాదా?"

మిగిలిన రెండు ముక్కలనూ కొంగున ముడేసుకుని, ఆమె బస్సుకు వెళ్లిపోయింది.

సిలార్ దీపాన్ని ఊది ఆర్పబోయాడు. మంట కదిలింది, ఆరలేదు. వేళ్లతో వత్తిని నలిపాడు. ఫోను తీశాడు.

"ముంతాజ్, మేడమ్‌కు చెప్పు. కోయించుకుంటా."

చెప్పులేసుకుని, తలుపు దగ్గరికి కూడా వేయకుండా వెళ్లిపోయాడు. చీకటి పడ్డాక మతీన్ వచ్చి చూశాడు. బొగ్గు దిమ్మ గుంటలో మిరియం గింజంత వెండి ఉండ, మసి పట్టి, చల్లారి ఉంది.