మణికట్టు బేరం

చెప్పుల కొట్టు నడిపే మనిషికి బేరం ఎక్కడ తెగుతుందో, ఎక్కడ సాగుతుందో తెలుసు. సరుకు చూపకుండా, రెండో రకం ఉందని చెప్పకుండా అంటగట్టే వ్యాపారం మాత్రం అక్కగారు ఈ ఆసుపత్రిలోనే చూసింది. బజారంతా ఆమెను అక్కగారనే అంటుంది. నిజంగా అక్కా అని పిలిచే హక్కున్నవాడు ఒక్కడే, కొట్టులో సగం వాటా ఉన్న తమ్ముడు.

ఇప్పుడు ఆమెకు గుండె రక్తనాళంలో పూడిక. స్టెంటు వేయాలి. పోయినేడాది తమ్ముడికి ఇదే పని మణికట్టులోంచి చేస్తే, సాయంత్రానికి లేచి కూర్చుని కాఫీ బాగాలేదని నర్సుతో గొడవపడ్డాడు. ఆమెకేమో మొన్న పరీక్ష కోసం గజ్జల్లోంచి గొట్టం పెట్టారు. రక్తం ఆగలేదు. తొడంతా మోకాలిదాకా నేరేడుపండులా నల్లబడింది. ఇంకోసారి అంత రక్తం పోతే ఒళ్ళు ఓర్చుకోలేదని ఆమెకు తెలుసు. అందుకే ఈసారి చెయ్యే కావాలని పట్టు.

“ఆడవాళ్ళకి మణికట్టు నాళం సన్నగా ఉంటుందమ్మా,” అన్నాడు పొద్దుటి డాక్టరు, నిలబడే. “గొట్టం పెట్టగానే బిగుసుకుంటుంది. సగంలో వదిలేసి మళ్ళీ గజ్జకే రావాలి. ఆ మొదలుపెట్టేదేదో అక్కడే పెడితే సరిపోతుంది కదా?”

“మరి గజ్జలో రక్తం కారడం? అదీ ఆడవాళ్ళకే ఎక్కువా?”

“కొంచెం ఎక్కువే.”

“తెలిసే చేస్తున్నారన్నమాట! పాదం చిన్నదని గిరాకీని చెప్పుల్లేకుండా పంపిస్తామా? చిన్న సైజు తీస్తాం.”

“నాళం అంటే చెప్పు కాదమ్మా.”

“డాక్టరుగారితో బేరమేంటే అక్కా?” అన్నాడు తమ్ముడు. “ఆయనకి తెలీదా? నాకైతే చీమ కుట్టినట్టు కూడా లేదు.”

“నీకు చేసింది చేతిలోంచిరా, మొద్దూ! నువ్వసలు ఎవరి తరఫున వచ్చావు?”

ఇక మాటలతో లాభం లేదనుకుంది. బజారులో ఆఖరి అస్త్రం ఒకటుంటుంది: సరుకు కింద పెట్టి గుమ్మం వైపు నడవడం. మరీ వేగంగా నడవకూడదు, వెనక్కి చూడకూడదు. గుమ్మం దాటేలోపు కొట్టువాడు పిలుస్తాడు. పిలవక ఏం చేస్తాడు? ఆమె బల్ల దిగి, వెనక ముళ్ళు వేసిన ఆసుపత్రి గౌను ఒక చేత్తో పట్టుకుని, రెండూ ఎడమకాలివే అయిన రబ్బరు చెప్పులీడ్చుకుంటూ లిఫ్టు వైపు నడిచింది.

ఎవరూ పిలవలేదు.

లిఫ్టు వచ్చింది, వెళ్ళింది. వెనక నర్సు గొంతు వినబడింది. కానీ ఆమె పిలిచింది తర్వాతి పేషెంటుని. ఒక లావుపాటి మనిషి లోపలికి వెళ్ళాడు. ఎక్కడినుంచి చేస్తారని అతనూ అడగలేదు, అతనికెవరూ చెప్పలేదు. చూస్తుండగానే అతని మణికట్టుకి మందు పూస్తున్నారు.

“ఇక్కడ గిరాకీకి కొదవలేదే అక్కా,” అన్నాడు తమ్ముడు ఆవలిస్తూ. “నువ్వు పోతే వాళ్ళకి ఒక పేషెంటు తగ్గుతుంది. నీకేమో పూడిక అలాగే ఉంటుంది.”

పుట్టి బుద్ధెరిగాక వాడు చెప్పిన మొదటి నిజం అదే కావడం ఆమెకు ఒళ్ళు మండించింది. అభిమానం దిగమింగి వెనక్కి నడిచింది. డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు.

“బేరం వద్దు. సూటిగా చెప్పండి. ఆడవాళ్ళకి చేతిలోంచి చేసేవాళ్ళు ఈ ఆసుపత్రిలోనే లేరా?”

“ఎందుకు లేరు? మధ్యాహ్నం మేడమ్ వస్తారు. ఆవిడ ఎవరికైనా ముందు చెయ్యే చూస్తారు. నాకు ఆడవాళ్ళ చేతుల్లో అంత అలవాటు లేదు. మీకు ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి ఆగొచ్చు.”

“ఈ ముక్క పొద్దున్నే చెప్పడానికేమైంది?”

“మీరు నన్ను చెయ్యమన్నారు. ఇంకెవరున్నారని అడగలేదుగా!”

పక్క కొట్టులో ఉందేమో అడగకుండా ఉన్న కొట్టులోనే గంటసేపు గీచి గీచి బేరమాడే గిరాకీలను చూసి తను ఎన్నిసార్లు నవ్వుకుందో!

మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో కూర్చుంది. తిని వచ్చిన తమ్ముడు మాత్రం నీరసంగా ఉందంటూ రెండుసార్లు బయటికి వెళ్ళాడు.

మేడమ్ మణికట్టు మీద స్కాన్ పెట్టి చూసింది. “సన్నమే. సన్న గొట్టంతో వెళ్దాం. బిగుసుకుంటే మందు వేసి ఆగుతాను. అప్పటికీ కదలకపోతే గజ్జే, అది కూడా స్కాన్‌లో చూస్తూ. ముందే చెప్తున్నా.”

జీవితంలో మొదటిసారి అక్కగారు ఎదుటివాళ్ళ మాటకి తగ్గింపు అడగకుండా తలూపింది.

బిగుసుకుంది. చీమ కుట్టడమా! ఎవరో ముంజేతిని తడిబట్టలా మెలిపెట్టి పిండినట్టయింది. పళ్ళు బిగించి తమ్ముణ్ణి తిట్టుకుంది, ఆ పూటకి అదొక్కటే ఊరట. మందు వేశారు, ఆగారు. మెల్లగా పట్టు సడలింది. గొట్టం కదిలింది. స్టెంటు కూర్చుంది.

సాయంత్రం వార్డులో, మణికట్టుకి బిగుతు పట్టీతో ఆమె దిండుకి ఆనుకుని కూర్చుంది. పక్క మంచం మీదామె ఆశ్చర్యంగా చూసింది.

“మీకు చేతిలోంచి చేశారా వదినా? రేపు నాది. ఆడవాళ్ళకి గజ్జల్లోంచేనటగా, చెయ్యి కుదరదట?”

“ఎవరన్నారు?”

“మావారు.”

“ఆయనకెవరు చెప్పారు?”

“పొద్దున బయట మీ తమ్ముడుగారేనంట. వరండాలో అందరికీ వివరంగా చెప్పారట.”

మంచం పక్కనే ఉన్న తమ్ముడు కిటికీలోంచి రోడ్డు చూడడం మొదలుపెట్టాడు. విసరడానికి అందుబాటులో ఏముందా అని అక్కగారు వెతికింది. కుడిచెయ్యి కదపొద్దన్నారు. ఎడమచేత్తో గుమ్మం చూపించింది.

“నడు. ఏ నోటితో చెప్పావో ఆ నోటితోనే ఒక్కొక్కళ్ళకీ సరిచేసి రా. ముందు ఈమె మొగుడి దగ్గరికి. ఆ మేడమ్ ఏ పూట వస్తుందో కూడా చెప్పు.”

“అందరూ ఇళ్ళకి పోయుంటారే అక్కా…”

“అయితే ఇళ్ళకే పో!”