అన్‌ఫిట్ కావాలి

రాయమల్లు షుగర్ గోళీలు మానేసిన సంగతి ఇంట్లో అందరికంటే చివర తెలిసింది కూతురు రేవతికే. తెలిసేసరికి నలభై రోజులు దాటాయి. ఊరూరా తిరిగి ముక్కూమొహం తెలియనివాళ్లను గుచ్చి గుచ్చి ప్రశ్నలడగడం ఆమె ఉద్యోగం. కన్నతండ్రిని మాత్రం గోళీ వేసుకున్నావా అని ఒక్కనాడూ అడగలేదు.

బొగ్గుబాయి కాలనీల్లో ఇదేమీ కొత్త విద్య కాదు. బాయిలో, అంటే గనిలో, పనిచేసేవాణ్ణి మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఆ కొలువు కొడుక్కు వస్తుంది. కాకపోతే రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ల సర్వీసన్నా మిగిలి ఉండాలి. లోకంలో ఎవరైనా డాక్టరు దగ్గరికి బాగుపడడానికి పోతారు. ఇక్కడ మాత్రం డాక్టరు "నీకేం కాలేదయ్యా" అంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. రాయమల్లుకు ఆ గడువు మార్చి నెలాఖరుతో తీరిపోతుంది. కొడుకు శ్రావణ్, ఎట్లాగూ బాయి కొలువేనాయె అని, డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆపేశాడు. ఆపి ఏడేళ్లయింది. ఈ ఏడేళ్లూ వాడు చేసిన పని ఎదురుచూడడం.

తమాషా ఏమిటంటే, రేవతి తిరిగిన సర్వే సరిగ్గా దీని మీదే. హైదరాబాదు నుంచి వచ్చిన ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్ల కోసం ఆమె ట్యాబ్ పట్టుకుని రెండేళ్లు బాయి కాలనీలూ, లక్సెట్టిపేట, చెన్నూరు వైపు పల్లెలూ తిరిగింది. ఫలితాలు తెలుగులో రెండు పేజీల కాగితంగా వచ్చాయి. తండ్రి కొలువు కోసం ఎదురుచూసే ఇళ్లలో మగపిల్లలు మూడేళ్లు ముందే చదువు మానేస్తున్నారట. పదిమందిలో ఒక్కడికే ఆ కొలువు దక్కుతోందట. మిగతా తొమ్మిదిమందీ ముప్పై ఏళ్లు వచ్చేసరికి, పల్లెల్లో కూలీల కొడుకుల కంటే వెనకబడి ఉన్నారట. చదువుతుంటే రేవతికి తన ఇంటిని ఎవరో నడిబజార్లో నిలబెట్టినట్టయింది.

జనవరిలో, బోర్డుకు వారం ముందు ఒక ఆదివారం పొద్దున, ఆ కాగితాన్నీ గోళీల డబ్బానూ తండ్రి ముందు పెట్టి మొత్తం చదివి వినిపించింది. రాయమల్లు శ్రద్ధగా విన్నాడు. బిడ్డ చదువుతుంటే వినడం ఆయనకు ఇష్టం.

"పదిమందిల ఒక్కనికి అస్తది అన్నవు గదా బిడ్డా?"

"ఒక్కనికే, బాపూ."

"మరి గా ఒక్కడు మన శ్రావణ్ ఎందుకు కావద్దు?"

రేవతి కాగితాన్ని మళ్లీ తిరగేసింది. అంతంత చదువులు చదివినవాళ్లు రాసిన కాగితంలో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేదు. తల్లి నాగవ్వ వైపు చూస్తే ఆమె పొయ్యి వైపు తిరిగింది. ఇన్నాళ్లూ గోళీలు బియ్యం డబ్బాలో దాచింది ఆమే. మొగుడి ప్రాణమూ కొడుకు బతుకూ తెచ్చి చేతిలో పెడితే పాపం ఆమె మాత్రం ఏది వదులుకుంటుంది? శ్రావణ్ గోడకు ఆనుకుని ఫోన్ చూస్తున్నాడు. వద్దు బాపూ అని వాడు ఒక్క మాట అంటే ముసలాయన ఆగేవాడు. వాడు అనలేదు. ఆ క్షణాన తమ్ముడి మీద రేవతికి కంపరం పుట్టింది.

బోర్డు డాక్టర్లు షుగరు బాగా ఎక్కువుందనీ, మందులు వాడాలనీ, బాయిలోకి దింపకుండా పైన తేలిక పని ఇస్తే చాలనీ రాశారు. వాళ్ల తప్పేమీ లేదు, ఉన్నదే రాశారు. రాయమల్లు ఇంకోసారి దరఖాస్తు పెట్టుకున్నాడు. మార్చి ఇరవై ఎనిమిదిన రమ్మన్నారు. ఈసారి గోళీలతో పాటు పథ్యం కూడా వదిలేసి చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేయించుకున్నాడు. రేవతి అరిచింది, బతిమాలింది, రెండు రోజులు అన్నం మానేసింది. మార్చి దాటితే మళ్లీ మింగుతానని ఆయన ఆమెనే ఓదార్చాడు.

మార్చి రెండో వారంలో బూటులో పడ్డ బొగ్గు పెళ్ల ఒకటి అరికాలిని కోసింది. షుగరుకు స్పర్శ పోయిన కాలు కాబట్టి ఆ పూట ఆయనకు తెలియలేదు. సాయంత్రం బూటు విప్పినప్పుడు తెలిసింది. తెలిసీ ఎవరికీ చెప్పలేదు, బోర్డుకు చూపించడానికి పనికొస్తుందని గుడ్డ చుట్టి దాచుకున్నాడు. ఇరవై ఆరున జ్వరంతో పడిపోయాడు. గుడ్డ విప్పిన నాగవ్వ అక్కడే కూలబడింది. కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోతే మోకాలి కింద దాకా కాలు తీసేయాల్సి వచ్చింది. బోర్డు రోజున ఆయన ఒంటి మీద తెలివి లేకుండా ఉన్నాడు. ఆ పుండు బోర్డు దాకా చేరనేలేదు.

ఏప్రిల్ పదకొండున మనిషి బాగా తేరుకున్నాడు. దుప్పటి కింద ఖాళీని చేత్తో తడిమి చూసుకున్నాడు. ఏడుస్తాడేమోనని రేవతి చేయి పట్టుకుంది. ఆయన మొహం మాత్రం విప్పారింది.

"ఇగ అన్‌ఫిట్ రాయక తప్పది గదా బిడ్డా?"

గడువు దాటి పదకొండు రోజులైందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగినా ఏ ఒక్క జవాబూ మార్చి రాయని మనిషి రేవతి.

"రాస్తరు బాపూ," అంది.

రాయమల్లు శ్రావణ్‌ను దగ్గరికి పిలిచాడు.

"ఆఫీసోళ్లు ఫోటోలు అడుగుతరు. జర మంచి అంగి తొడుక్కొని దిగు కొడుకా."

శ్రావణ్‌కు తారీఖు తెలుసు. సరే బాపూ అని, తల వంచుకుని, ఫోటోలు దిగడానికి బజారుకు పోయాడు.