చానెల్ వాళ్లు కోసేసిన మాట

ఈవెట్ తిబోడో చెయ్యి కాలిన రోజు శనివారం. ఆ పూట బ్యారీ ఊళ్లో ఆమె సెలూన్ కిటకిటలాడిపోతోంది. మధ్యాహ్నం గ్రానైట్ కార్మికుల హాల్లో పెళ్లి విందు ఉంది. పెళ్లికూతురి తరపు ఆడవాళ్లంతా తలలు తడుపుకుని వరసగా కూర్చున్నారు. ఒకామెకు హేజెల్‌నట్ వాసనున్న కాఫీ కావాలి, పక్కామెకు గుండెదడ కాబట్టి కెఫీన్ లేనిది కావాలి. ఎవరి కప్పు వాళ్లకు విడిగా ఇచ్చే మెషీన్ ఈవెట్ కొన్నది ఇందుకే. కాఫీ పొడి నింపిన చిన్న ప్లాస్టిక్ పాడ్ లోపల పెట్టి, మూత దించి, మీట నొక్కితే చాలు. లోపలి సూది పాడ్‌ని పొడుస్తుంది, వేడినీళ్లు దానిగుండా కప్పులోకి దిగుతాయి.

ఆ రోజు సగం కప్పు నిండి ఆగిపోయింది. మెషీన్ ఒకసారి మూలిగింది, దీపం ఆరిపోయింది. ఈవెట్ కాసేపు చూసింది. చప్పుడు లేదు, ఆవిరి లేదు. పాడ్ సరిగా కూర్చోలేదేమో అనుకుని మూత ఎత్తింది. అంతే, మరిగే నీళ్లూ కాఫీ పిప్పీ కలిసి ఒక్క ఉదుటున ఎగజిమ్మి బొటనవేలి దగ్గర్నుంచి మణికట్టు దాకా పడ్డాయి. కుడిచెయ్యి. కత్తెర పట్టే చెయ్యి.

ఆమె కేక కూడా వెయ్యలేదు. తల కడిగే తొట్టి దగ్గరికి నడిచి కుళాయి తిప్పి చెయ్యి కింద పెట్టింది. చర్మం గ్లవ్‌లా ఊడొస్తుంటే చూసి, ఆమె దగ్గర ఎప్పట్నుంచో పనిచేస్తున్న డార్లీన్ కారు తాళాలు అందుకుంది.

ఆస్పత్రిలో కట్టు కట్టారు. పైచర్మం వస్తుంది గానీ బొటనవేలి నరానికి హామీ ఇవ్వలేమని డాక్టరు చెప్పాడు. నాకు నరమే కావాలి, చర్మం ఏం చేసుకోను అంది ఈవెట్. ఆయన కట్టు మీద టేపు అంటించాడు.

కట్టుతోనే ఎడంచేత్తో కంపెనీకి ఫోన్ చేసింది. అవతల ఒకమ్మాయి తేనె పూసిన గొంతుతో ఎంతో బాధపడిపోయి, లోపల పేరుకునే సున్నం పోవడానికి నెలనెలా వెనిగర్‌తో మెషీన్ కడుగుతున్నారా అని అడిగింది. కడుగుతున్నానంది ఈవెట్. వేడిగా ఉన్నప్పుడు మూత తెరిచారా అని అడిగింది. దీపం ఆరిపోయాకే తెరిచానంది. దీపం ఆరినా కొంతసేపు ఆగమని పుస్తకంలో రాశామే, చదవలేదా అంది ఆ పిల్ల. కొంతసేపంటే ఎంతసేపని ఈవెట్ అడిగితే ఆ సంగతి తనకు తెలీదట. వారం తిరిగేసరికి కంపెనీ నుంచి పార్శిల్ వచ్చింది. క్షమాపణ అనుకుని విప్పితే, పెట్టె నిండా ఫ్రెంచ్ రోస్ట్ కాఫీ పాడ్‌లు.

ఈవెట్ ఆ పెట్టెని ఎడంచేత్తో ఎత్తుకెళ్లి సెలూన్ వెనక చెత్తడబ్బాలో పడేసింది. మంచు పేరుకున్న ఆ సందులో నిలబడి, ఫ్రెంచి మాట్లాడే వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న, చర్చిలో అనకూడని తిట్లన్నీ తిట్టింది.

"ఫ్రెంచ్ రోస్ట్ నాకిష్టమే, పారేసే ముందు ఓ మాట అడగొచ్చుగా," అంది డార్లీన్ గుమ్మంలోంచి.

"తీసుకో పో. తాగి నువ్వూ చెయ్యి కాల్చుకో."

డార్లీన్ లోపలికెళ్లి ఆ మెషీన్ తీగ పీకి, బల్ల కింద పెట్టి తువ్వాలు కప్పింది.

స్థానిక టీవీ చానెల్లో కొనుగోలుదార్ల కష్టనష్టాల మీద వారానికోసారి ఒక కార్యక్రమం వస్తుంది. దాన్ని నడిపే కెల్సీ డ్రమండ్‌కి ఈవెట్ ఫోన్ చేసింది. కెల్సీ మర్నాడే కెమెరాతో వచ్చింది. మెత్తటి మనిషి, కళ్లల్లో నీళ్లు కూడా పెట్టుకుంది. మొత్తం చెప్పండి ఈవెట్ గారూ, తొందరేం లేదంది. ఈవెట్ మొత్తం చెప్పింది. నెలనెలా వెనిగర్‌తో కడిగిన సంగతి, దీపం ఆరిపోయిన సంగతి, ఫోన్లో పిల్ల అడిగిన ప్రశ్నలు, పెట్టెడు పాడ్‌లు. కట్టు విప్పి చెయ్యి చూపించింది. ఆ రాత్రి, ఆ కాలిన రోజు తర్వాత మొదటిసారి, హాయిగా నిద్రపోయింది.

కార్యక్రమం వచ్చిన సాయంత్రం డార్లీన్, ఆమె మొగుడు, పొరుగువాళ్లు ఇద్దరు ముగ్గురు ఈవెట్ ఇంట్లోనే కూర్చుని చూశారు. తెర మీద పెద్దక్షరాలు పడ్డాయి: "మీ కాఫీ మెషీన్‌ని సరిగ్గా వాడుతున్నారా?" ఈవెట్ చెయ్యి దగ్గర్నుంచి కనిపించింది. "మూత ఎత్తాను, మీద పడింది," అన్న ఒక్క ముక్క వినిపించింది. ఆ వెంటనే మంచి ఉన్ని స్వెట్టరు తొడుక్కున్న కంపెనీ మనిషి ఒకడు వచ్చి, వెనిగర్ ఎలా పోయాలో, మూత ఎప్పుడు తెరవాలో చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. చివర్లో కెల్సీ నవ్వుతూ, కొంచెం వెనిగరూ కొంచెం ఓపికా ఉంటే మీ ఉదయం చల్లగా గడుస్తుందని ముగించింది.

ఈవెట్ చెంపలు ఆ రోజు కాలిన చెయ్యి కంటే ఎర్రగా అయ్యాయి. తను చెప్పిందంతా ఏమైంది? వెనిగర్‌తో కడిగానన్న మాట ఎక్కడ? దాన్ని కోసేసి, వాడి నోటితో వెనిగర్ పాఠం చెప్పించారు.

మర్నాటి నుంచి అసలు నరకం మొదలైంది. సెలూన్‌కి వచ్చిన ప్రతి మనిషీ జాలిగా తల ఊపి, అయ్యో, కడుక్కోవాల్సిందమ్మా అనేది. మా ఆయన కూడా అంతే, సూచనల పుస్తకం చదవడు అనేది ఇంకొకామె. పాస్టర్ గారి భార్య రిబ్బను కట్టిన వెనిగర్ సీసా కానుకగా తెచ్చింది. ఈవెట్ పళ్లు బిగించుకుని థాంక్స్ చెప్పింది, ఆమె వెళ్లాక స్నానాలగదిలోకెళ్లి తలుపేసుకుని తువ్వాల్లో మొహం దాచుకుని అరిచింది.

కెల్సీకి ఫోన్ చేస్తే, తను అంతా పెట్టిందనీ, సమయం చాలక పైవాళ్లు కత్తిరించారనీ చెప్పింది. "అయినా మీ చెయ్యి అందరూ చూశారు కదండీ. దాంతో నలుగురూ జాగ్రత్తపడతారు, అదీ మేలేగా?"

"నా చెయ్యి చూపించి నన్ను వెర్రిదాన్ని చేశావు," అంది ఈవెట్. "నీకు ఏడుపు బాగా వచ్చమ్మా. ఆ రోజు నమ్మేశాను."

తర్వాతి శనివారం సెలూన్ డార్లీన్‌కి వదిలేసి ఊరి బయటున్న పెద్ద దుకాణానికి వెళ్లింది. మదర్స్ డే వస్తోందని గుమ్మానికి ఎదురుగానే ఆ మెషీన్‌లు గోపురంలా పేర్చారు, మీద గులాబీరంగు కాగితప్పూలు. ఈవెట్ ఆ గుట్ట పక్కన నిలబడి కట్టు విప్పింది. ఎవరు డబ్బా మీద చెయ్యేసినా, ఇది నా చేతికి ఏం చేసిందో చూసి కొనుక్కోండని చెప్పింది. గొంతు పెంచలేదు. కొందరు డబ్బా దించేశారు. కొందరు మొహం తిప్పుకున్నారు. ఒకాయన మాత్రం, వెనిగర్‌తో కడగని మనిషి మీరేగా టీవీలో అన్నాడు. ఆ మాటకు ఆమె కళ్లకు చీకట్లు కమ్మాయి, చేతిలో ఏమైనా ఉంటే విసిరేసేదే.

మేనేజరు వచ్చి వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లనంది. అతను పోలీసుని పిలిచాడు. వచ్చినవాడు ట్రావిస్ లామొత్, వాడి పుట్టువెంట్రుకలు కత్తిరించింది ఈవెట్టే.

"ఆంటీ, ఇది వాళ్ల దుకాణం. పొమ్మంటే పోవాలి," అన్నాడు టోపీ తీసి చంకలో పెట్టుకుని.

"నేనేమన్నా అరిచానా? అద్దాలు పగలగొట్టానా?"

"లేదు. అందుకే బతిమాలుతున్నా. రోడ్డు పక్కన కాలిబాట మీద నిలబడు, అక్కడ నిన్నెవరూ ఏమనలేరు. నేను కారు ఇక్కడే పెట్టుకుంటా."

ఆమె కాలిబాట మీదికి వెళ్లింది. వెనకాలే ఒక మనిషి గబగబా నడిచొచ్చింది. బడి బస్సు నడిపే గ్లోరియా స్క్రైబ్నర్, ముఖపరిచయమే తప్ప ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆమె చుట్టూ చూసి, చొక్కా మెడగుండీ విప్పి పక్కకు లాగింది. కంఠం కింద నుంచి భుజం దాకా ముడతలుపడి మెరుస్తున్న చర్మం.

"అదే మెషీన్?" అంది ఈవెట్.

"అదే. కంపెనీకి ఫోన్ చేస్తే నా తప్పేనన్నారు. నేనూ నమ్మాను. మా ఆయనకు కూడా సూప్ ఒలికిందని అబద్ధం చెప్పా, తిడతాడని." ఆమె గుండీ మళ్లీ పెట్టుకుంది. "టీవీలో నిన్ను చూసి, నాలాంటి మొద్దే ఇంకొకత్తి అనుకున్నా. క్షమించు."

"నీకూ పార్శిల్ పంపారా?"

"ఫ్రెంచ్ రోస్ట్."

ఇద్దరూ రోడ్డు పక్కన పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక ఈవెట్ ఆ మెడగుండీ వైపు చూసింది. ఇప్పటిదాకా తన చెయ్యి, తన పరువు అనుకుంది. ఈ బస్సు నడిపే మనిషి నెలల తరబడి మొగుడికి కూడా చెప్పుకోలేక మెడగుండీలు పెట్టుకు తిరిగిందంటే, ఇలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో. ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోన్లో అదే పాఠం చెప్పి, ఒక్కొక్కరినీ విడివిడిగా నోరు మూయించారు.

ఇద్దరూ కలిసి వాషింగ్టన్‌లో వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ ఆఫీసుకి ఫిర్యాదు పంపారు. గ్లోరియా బస్సు డ్రైవర్లందరికీ చెప్పింది, ఈవెట్ తన కుర్చీలో కూర్చున్న ప్రతి తలకీ చెప్పింది. పక్క ఊళ్ల నుంచి కూడా కాలిన చేతులు, కాలిన మొహాలు బయటపడ్డాయి. అందరి ఫిర్యాదులూ ఒకేలా ఉన్నాయి.

ఆకులు రాలేవేళకి ఆ మెషీన్‌లను వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటన వెలువడింది. పాడ్‌ని పొడిచే సూది మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందట, కడిగినా కడగకపోయినా ఒకటేనట. మెషీన్ తిరిగి పంపక్కర్లేదట, కంపెనీయే ఉచితంగా కొత్త మూత పంపుతుందట.

కెల్సీ ఫోన్ చేసింది. సెలూన్ నుంచే ప్రత్యక్ష ప్రసారం చేద్దామంది. ప్రత్యక్షమంటే మధ్యలో ఎవరూ కత్తిరించలేరు కదా అని ఈవెట్ రెండుసార్లు అడిగి, సరేనంది.

ఆ సాయంత్రం కెల్సీ మైకు పట్టుకుని, ఈ ప్రమాదం గురించి మొట్టమొదట చెప్పింది మన చానెలే, ఆ రోజు ధైర్యంగా ముందుకొచ్చిన ఈవెట్ గారు మన పక్కనే ఉన్నారు అని మొదలుపెట్టింది.

"మీరు చెప్పలేదు," అంది ఈవెట్. "నెలనెలా కడిగానని నేను మీకు చెప్పాను. దాన్ని తీసేసి, కడగనందుకే కాలిందని ఊరందరికీ చెప్పారు. ఆ తర్వాత కూడా జనం ఈ మెషీన్ కొన్నారు. మిమ్మల్ని నమ్మి కొన్నారు. వాళ్లలో కాలినవాళ్లకి ముందు మీరు క్షమాపణ చెప్పండి, తర్వాత నాతో మాట్లాడండి."

కెల్సీ మైకు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. చానెల్ వాళ్లు గబుక్కున వాతావరణం వార్తలకి మారిపోయారు. దీపాలు ఆర్పాక కెల్సీ, అది నా నిర్ణయం కాదండీ అంది తలదించుకుని.

"గొంతు నీదేగా," అంది ఈవెట్. కెమెరా మనిషి తీగలు చుట్టుకుంటూ అటు చూడలేదు.

క్షమాపణ చానెల్ ఎప్పుడూ చెప్పలేదు. చలికాలంలో ఒక రోజు కెల్సీ కెమెరా లేకుండా ఒక్కతే సెలూన్‌కి వచ్చింది, జుట్టు కత్తిరించుకోవాలని. ఏదో చెప్పాలనే వచ్చిందని మొహం చూస్తే తెలుస్తోంది. ఈవెట్ ఆమెకు డార్లీన్ కుర్చీ చూపించి లోపలికెళ్లిపోయింది, కెల్సీ వెళ్లేదాకా బయటికి రాలేదు.

బొటనవేలికి స్పర్శ తిరిగి రాలేదు. కత్తెర రెండు నిమిషాలకే జారిపోతుంది. ఇప్పుడు కత్తిరింపులన్నీ డార్లీన్ చేస్తుంది, ఈవెట్ తలలు కడుగుతుంది, ఎడంచేత్తో రంగులు వేస్తుంది. గ్లోరియా శనివారాలు వచ్చి నేల ఊడ్చి, కబుర్లు చెప్పి పోతుంది, మెడగుండీ విప్పుకునే. పోనీలే ఈవెట్, చివరికి న్యాయం జరిగిందిగా అని ఎవరైనా అంటే మాత్రం ఈవెట్ ఊరుకోదు. తొట్టిలో నీళ్లు ఆపేసి, వాళ్ల తల తడిగా ఉండగానే, జరగలేదని మొదట్నుంచీ చెప్పడం మొదలుపెడుతుంది.