ఉత్తరపు కిటికీ

"వంటింట్లో ఉన్నోలకి సలేటే? పొయ్యి పక్కనే కదా ఉంటావు యమునా!" అన్నాడు మా బావ, హాల్లోంచే.

నేనప్పుడు వంటింటి కిటికీలోకి గోనెసంచి కుక్కుతున్నాను. కిటికీ అని పేరే గాని దానికి చట్రం, ఇనప ఊచలు తప్ప తలుపులు లేవు. బయట కోతలైపోయిన వరి చేలు. వాటి మీదుగా ఉత్తరపు గాలి అడ్డూ ఆపూ లేకుండా వచ్చి మొదట తగిలేది మా వంటింటికే. ఆ ఏడు మా వైపు ఎన్నడూ ఎరగని చలి. పొద్దెక్కేదాకా హైవే మీద లారీలు లైట్లు వేసుకుని నత్తల్లా పాకేవి. కుక్కిన సంచి ఒక పక్క బిగిస్తే రెండో పక్క ఊడి వచ్చేది. పొయ్యి మీద పాలు, చేతిలో సంచి, వెనక నుంచి ఆ మాట. నేను నవ్వాను కూడా. చలికి పళ్ళు టకటకలాడుతున్నప్పుడు నవ్వడం సులువే, తేడా ఎవరికీ తెలియదు.

మా బావ మోహనకృష్ణ నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. నరసన్నపేట బజారులో ఎరువుల కొట్టు నడుపుతాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఈ మాట చాలామందికి చెప్పాను, అందరికంటే ఎక్కువసార్లు నాకే చెప్పుకున్నాను. తాగడు, చెయ్యెత్తడు, నేను స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్తానంటే వద్దనలేదు. ఊరి చివర పొలాల అంచున ఇల్లు కట్టడం అతని చిరకాలపు కోరిక. కార్తీకంలో గృహప్రవేశం చేశాం. ముహూర్తం వేళకి ముందు భాగమంతా తయారైంది. టేకు సింహద్వారం, జరిపే అద్దాల కిటికీలు, హాల్లో దీపాలు పొదిగిన ఫాల్స్ సీలింగ్, ఎలివేషన్‌కి రాతి పలకలు. వెనక భాగం మిగిలిపోయింది. వంటింటి కిటికీకి తలుపులు లేవు, పెరటి గుమ్మానికి ఒక రేకు అడ్డుపెట్టాం. "ముందు నలుగురికీ కనబడేవి అవనీ. వంటిల్లు ఎవుడు సూస్తాడు?" అన్నాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు నిజంగానే ఎవరూ చూడలేదు. ఆ 'ఎవుడు'లో నేను లెక్కకి రానన్న సంగతి అప్పుడు నాకూ తట్టలేదు.

చలి ముదిరేసరికి మా అత్త జగ్గమ్మకి ఆయాసం మొదలైంది. ఆమె మా నాన్నకి సొంత అక్క. చిన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి. "ఇల్లు సల్లబడిపోతన్నాది, అమ్మకి పడదు, ఏదోటి సెయ్యి" అని బావ కొట్టుకు వెళ్ళిపోయాడు. ఇంటిని చలి నుంచి కాపాడే పని అలా నాకు వచ్చింది. స్కూలు నుంచి రాగానే చీర కొంగు బిగించి మొదలుపెట్టేదాన్ని. పాత చీరలు పేలికలు చేసి అద్దాల కిటికీల సందుల్లో దూర్చాను. హాల్లో అత్త మంచం కింద గడ్డి పరిచి దాని మీద గోనెపట్టాలు వేశాను. సింహద్వారం కింద గాలి రాకుండా గుడ్డలో ఇసుక మూట కట్టి అడ్డుపెట్టాను. స్నానాల గది పైన గాలి కన్నాలకి అట్టముక్కలు అంటించాను. ఎన్ని చేసినా హాల్లోకి చలి వస్తూనే ఉంది. ఎక్కడి నుంచా అని చూస్తే వంటింట్లోంచి. హాలుకీ వంటింటికీ మధ్య తలుపు ఉంది గాని, దాని కిందా పక్కలా సందులు. అందుకని పాత చీరలు నాలుగు పొరలు వేసి బొంత కుట్టి, ఆ తలుపు మీద నిలువునా దిగ్గొట్టాను. గాలి ఆగిపోయింది. "అబ్బ, ఇప్పుడు పేణం నెమ్మదించిందే" అంది అత్త మంచం మీంచి. రేఖ, మా అమ్మాయి, పదో తరగతి, పుస్తకాలు పరుచుకుని హాయిగా చదువుకుంటోంది. బావ వచ్చి, "శభాష్, ఇల్లు ఎచ్చబడిపోయింది" అన్నాడు.

నాకూ సంతోషం వేసింది. ఆ సంతోషంతోనే రాత్రి వంట చెయ్యడానికి తలుపు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, గాలి పోకుండా తలుపు వేసుకున్నాను. వేసుకున్నాక గోడకి ఆనుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను. ఇల్లంతా తలుపుకి అటువైపు ఉంది. చలంతా ఇటువైపు ఉంది. ఇటువైపు నేనున్నాను. ఇంటిని చలి నుంచి కాపాడినదాన్ని నేనే, బొంత కుట్టినదాన్ని నేనే, చలితో పాటు నన్ను బయట పెట్టి తలుపు వేసుకున్నదాన్నీ నేనే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఉల్లిపాయలు తరిగాను.

అప్పటి నుంచి నేను కాఫీ తెచ్చినా, కూర తెచ్చినా, అత్తకి వేడినీళ్ళు తెచ్చినా ముందు వినబడే మాట ఒక్కటే. "తలుపెయ్యి." రెండు చేతుల్లో గిన్నెలుంటే మడమతో తోసేదాన్ని. అది పూర్తిగా పడకపోతే మళ్ళీ, "గాలొస్తన్నాది, తలుపెయ్యే." బావ అంటే ఏమీ అనిపించలేదు. అత్త అన్నా రోగం మనిషి కదా అనుకున్నాను. ఒక సాయంత్రం రేఖ పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా "అమ్మా, డోర్!" అంది. ఆ మాటకి మాత్రం గ్లాసు కింద పెట్టి, వెనక్కి వెళ్ళి తలుపు వేసి వచ్చాను. దాని తప్పేముంది? మేము మాట్లాడుకునే తీరులో అది మాట్లాడుతోంది. రేపు అదీ ఏదో ఒక తలుపుకి అటువైపో ఇటువైపో నిలబడుతుంది కదా అనుకున్నాను.

ట్యాంకులో నీళ్ళు రాత్రంతా గాలికి జిల్లుమని, పొద్దున గిన్నెలు తోముతుంటే వేళ్ళు నావి కానట్టు అయిపోయేవి. బోరు వేస్తే గోరువెచ్చటి నీళ్ళు వస్తాయి గాని, "గిన్నెలకి కూడా మోటారేటి?" అనేవాడు బావ. వేళ్ళు వాచి ఎర్రబడ్డాయి. స్కూల్లో సుద్దముక్క పట్టుకుంటే అక్షరాలు వంకరపోయేవి. మా స్కూల్లో టీచరమ్మలకి యూనిఫాం చీర. దాని మీద స్వెటర్ వేసుకుంటే పేరెంట్స్ కళ్ళకి బాగోదని కరస్పాండెంట్ గారు మీటింగులో చెప్పారు. ఆయన కోటు వేసుకునే చెప్పారు. మగ మాస్టార్లు కూడా కోట్లు వేసుకునే విన్నారు. నేను చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని విన్నాను. ఇంట్లో కనబడని చోట చలి నాది. స్కూల్లో అందరికీ కనబడే చోట కూడా చలి నాదే.

ఒకరోజు టిఫిన్ పెడుతూ బావతో నిదానంగా చెప్పాను. "వంటింటి కిటికీకి తలుపులు పెట్టించు బావా. వేళ్ళు పట్టుకుపోతన్నాయి."

"సలెన్నాళ్ళుంటాదే? పండగెళ్ళగానే పోతాది. గంగరాజుకి సేతినిండా పనున్నాది."

గంగరాజు మా వడ్రంగి. ఆ ఆదివారం దేవుడి గది తలుపు రాసుకుంటోందని సరిచెయ్యడానికి వచ్చాడు. బావ లేడు. వంటింటి కిటికీ సంగతి అడిగితే అతను చిత్రంగా చూశాడు.

"మీకు తెల్దా అమ్మా? ఆ కిటికీకి సెక్క ఎప్పుడో కోసీసినాను. టీవీ బల్లకి సాల్నేదని బాబు దాన్నే వాడీమన్నారు. కిటికీది తరవాత సూద్దాం అన్నారు."

హాల్లో టీవీ కింద నిగనిగలాడుతున్న బల్లని చూశాను. రోజూ దాని మీద దుమ్ము తుడిచేది నేనే. బావ మీద నాకు పిచ్చికోపం వస్తుందనుకున్నాను. రాలేదు. యమున చలికి వణికితే వణకనీ అని అతను అనుకుని ఉంటే పోట్లాడేదాన్ని. అతను అలా అనుకోలేదు. ఆ చెక్క కోసేటప్పుడు నా ఊసే అతని మనసులోకి వచ్చి ఉండదు. నన్ను కాదన్నవాడితో దెబ్బలాడగలను, నేను గుర్తే రానివాడితో ఎలా దెబ్బలాడాలి?

ధనుర్మాసం సగంలో నాకు జ్వరం వచ్చింది. లేవబోతే కళ్ళు తిరిగాయి. "పడుకోవే, ఒక్క పూట నాను వండనేనేటి?" అని అత్త కొంగు బిగించింది. వద్దన్నాను. వినలేదు. మధ్య తలుపు తీసుకుని వెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల గిన్నెల చప్పుడు, దగ్గు, మళ్ళీ గిన్నెల చప్పుడు. కొంతసేపటికి చప్పుడు ఆగిపోయింది. నేను గోడ పట్టుకుని వెళ్ళి చూసేసరికి అత్త గట్టు పట్టుకుని నిలబడి, చేపలా నోరు తెరిచి ఊపిరికోసం కొట్టుకుంటోంది. చేతులు మంచుముద్దలు. రేఖా నేనూ పట్టుకుని మంచం మీదికి చేర్చాం. రేఖ ఫోన్ చేస్తే బావ కొట్టు వదిలేసి పరుగున వచ్చాడు. ఆయాసానికి డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్ నోటికి పెట్టి పీల్పించాక అత్త ముఖంలోకి రంగు వచ్చింది. అప్పుడు బావ నా వైపు తిరిగాడు.

"అమ్మని ఆ సలిలోకి ఎలాగ పంపినావే? కిటికీకి తలుపుల్నేవు, ఎనక గుమ్మానికి రేకు అడ్డు. మనిసన్నది ఉండగలదేటి అందులో?"

రేఖ నన్ను చూసింది. బావ అదేమీ గమనించకుండా గంగరాజుకి ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నకల్లా తలుపులు కావాలన్నాడు. ఎండిన చెక్క లేదు, తెచ్చి కోసి బిగించడానికి వారమైనా పడుతుందని అటు నుంచి గంగరాజు. "సరే, బేగి కానీ" అని ఫోన్ పెట్టేసి నాతో అన్నాడు.

"అందాకా అమ్మని వంటింటి వైపు ఎల్లనీకు."

"అందాకా నేను కూడా ఎల్లను బావా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గట్టిగా అన్నది కాదు. జ్వరంతో గొంతు పూడుకుపోయి ఉంది. బావ సరిగ్గా వినలేదనుకున్నట్టు ముందుకి వంగాడు. "మరి వంట?"

"ఇక్కడ. పొయ్యి, సిలిండరు హాల్లోకి తెచ్చుకుంటాను."

"నీకు మతి పోనాదేటి? ఎవులైనా వస్తే ఏటనుకుంటారు?"

"వస్తే టీ బేగి అందుతాది."

రేఖ ఫక్కున నవ్వింది. బావ కోపంగా తల్లి వైపు చూశాడు, ఆమె తన పక్షాన మాట్లాడుతుందని. మా అత్త దిండుకి ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని అంది.

"నాను ఒక్క పూటున్నాను రా మోహనా. అది కార్తీకం నుంచి అందులోనే ఉన్నాది. మీ అయ్య బతికున్నన్నాళ్ళూ నాను ఎనకాల పాకలోనే వండినాను. వానొస్తే నెత్తి మీద గోనె కప్పుకుని వండినాను. సెప్పనేదు. సెప్తే నవ్వుతారనుకున్నాను. ఇది సెప్పింది కదా, నువ్వేటి సేసినావు?" తర్వాత నా వైపు తిరిగి, "తలుపెయ్యి తలుపెయ్యి అని నానూ అన్నాను కదే," అని గోడ వైపు తిరిగి పడుకుంది. నేను వెళ్ళి ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

మర్నాడు జ్వరం కాస్త దిగాక రేఖ సాయంతో టీవీని కిందికి దించి, ఆ బల్ల మీద రేకు పరిచి పొయ్యి పెట్టాను. సిలిండరు పక్కన నిలబెట్టాను. తాలింపు ఘాటు ఫాల్స్ సీలింగ్ దాకా వెళ్ళింది. అత్త మంచం మీద కూర్చుని వెల్లుల్లి వలిచేది. గిన్నెలకి బోరు నీళ్ళు పట్టాను, మోటారు మాట ఎవరూ ఎత్తలేదు. బావ మొదటి రెండు రోజులు ముఖం ముడుచుకుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఎరువుల కంపెనీ తాలూకు మనిషి ఒకాయన వస్తే సిగ్గుతో చచ్చిపోయాడు. ఆయన మాత్రం చేతులు రుద్దుకుంటూ పొయ్యికి దగ్గరగా కుర్చీ జరుపుకుని, "మీ ఇల్లు ఎచ్చగా ఉన్నాదండీ" అని రెండో టీ అడిగి తాగాడు.

కిటికీ తలుపులు తర్వాతి వారం వచ్చాయి, పొయ్యి మళ్ళీ లోపలికి వెళ్ళింది, మధ్య తలుపు మీది బొంతని అత్తకి పరుపు మీద వేశాను. వాటన్నిటికంటే నాకు ఎక్కువ గుర్తున్నది పొయ్యి హాల్లో ఉన్నప్పటి ఒక ఆదివారం మధ్యాహ్నం.

ముందు బావకి, రేఖకి, అత్తకి పెట్టాను. బావ మళ్ళీ అన్నం అడిగితే పెట్టాను. చారు పోశాను. రేఖకి పెరుగు వేశాను. అత్తకి మాత్రలు ఇచ్చాను. వాళ్ళ భోజనాలు అయ్యాక, రోజూ తినే వంటింట్లోకి వెళ్ళడం లేదు కాబట్టి, పొయ్యి పక్కనే నేల మీద కూర్చున్నాను. గిన్నె అడుగున మిగిలిన కూర గీకి, మాడు అన్నంలో కలుపుకుని, చారు తేట పోసుకుని తింటున్నాను. ఎదురుగా బావ చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్ తీయబోయి ఆగాడు. నా కంచం వైపు చూస్తున్నాడు. పదహారేళ్ళ కాపురంలో ఇంట్లో నేను అన్నం తినడం అతను చూడటం అదే మొదటిసారి.

"అదేటి యమునా, కూర నేదా నీకు?" అన్నాడు, నెమ్మదిగా.

"రోజూ ఇంతే బావా," అన్నాను. "ఇన్నాళ్ళూ తలుపేసుండీది."